నాలుగో గడి

తమ్ముడు పోయిన రోజు గురువారం. ఏడో తరగతి పిల్లలకు దిద్దిన పరీక్ష పేపర్లు పంచుతున్నాను. సగం పంచానో లేదో ప్యూను గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, "టీచరుగారూ, ఒకసారి బయటికి రండి" అన్నాడు. మిగిలిన పేపర్లు అలాగే చేతిలో పట్టుకుని బడినుంచి వాడి కొట్టుదాకా నడిచాను. అది ఏడు నిమిషాల దారి.

వాడు కాటాలు బాగుచేసేవాడు. వీధిలో అందరికీ కాటాల మేస్త్రి. స్టూలుమీద కూర్చుని, బల్లమీదికి వాలి ఉన్నాడు. పక్క కొట్టు సెలూన్ బాబాయి వాడి భుజాలు పట్టుకుని ఉన్నాడు, వదిలితే ఎక్కడ జారిపోతాడో అన్నట్టు. నేను వెళ్ళి ఎడమ చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతికి ఒక నల్లటి పట్టీ ఉంది. నేను పట్టుకోగానే అది రెండుసార్లు వణికి వెలిగింది.

"చాలాసేపుగా కూర్చునే ఉన్నారు. లేచి నాలుగడుగులు వేయండి."

దాని కింద ఆకుపచ్చ అక్షరాల్లో, "మీ గుండె ప్రశాంతంగా ఉంది."

బాబాయి చదివాడు. నేనూ చదివాను.

ఆస్పత్రి అదే వీధి చివర ఉంది. అక్కడి డాక్టరు, "గంట ముందు తీసుకొచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్ళమమ్మా" అన్నాడు. ఆ గంట వాడు ఏం చేశాడో అప్పటికి నాకు తెలియదు.

ఆ పట్టీ ఎలా వచ్చిందో చెప్పాలి. మా ఊరికి వచ్చే పేపర్లో ప్రతి ఆదివారం ఒక విజ్ఞానం పేజీ ఉంటుంది. "గుండెపోటును ఒక రోజు ముందే చెప్పే చేతిపట్టీ" అని ఆ పేజీలో పెద్ద అక్షరాలతో వార్త వచ్చింది. వాడు పోవడానికి నెల ముందు సంగతి. ఇంక ఎవరూ హఠాత్తుగా పోనక్కర్లేదని, పట్టీ కట్టుకుని నిశ్చింతగా నిద్రపోవచ్చని రాశారు. తమ్ముడు ఆ పట్టీ తెప్పించుకున్నాడు.

అది వీధికంతా వింత. ఎందుకంటే ఆ పేజీని నమ్మనివాడంటూ ఒకడుంటే వాడు మా తమ్ముడే. ప్రతి ఆదివారం సెలూన్లో బల్లమీద కూర్చుని ఆ పేజీ పైకి చదివేవాడు. చదవడానికి ఒకరు, వినడానికి పదిమంది. "అయిదేళ్ళలో వాటంతట అవే ఉతుక్కునే చొక్కాలు" అని చదివితే, "మా ఆవిడ ఈ మాట విందంటే ఈ అయిదేళ్ళూ నా చొక్కాలు ముట్టుకోదు" అనేవాడు బాబాయి. "ఎలుకల్లో మతిమరుపు నయం" అని చదివి తమ్ముడే అనేవాడు, "ఎలుకలకి షుగరు పోయింది, కీళ్ళనొప్పులు పోయాయి, ఇప్పుడు మతిమరుపు కూడా పోయింది. పుడితే ఎలుకై పుట్టాలి బాబాయ్." ఉద్యోగం చాలించిన పోస్ట్‌మ్యాన్ ఒకాయన ఉండేవాడు. అందరికీ తపాలా మామయ్య. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేవాడు.

నవ్వి ఊరుకుంటే వాడు కాటాల మేస్త్రి ఎందుకవుతాడు? వాడి దగ్గర ఒక పొడుగాటి అట్టపుస్తకం ఉండేది. పేజీకి నాలుగు గడులు. గీతలు నేనే స్కేలు పెట్టి కొట్టిచ్చాను. మొదటి గడిలో వార్త వచ్చిన తేదీ. రెండో దాంట్లో ఏమని వచ్చింది. మూడో దాంట్లో ఎప్పటికల్లా జరుగుతుందన్నారు. నాలుగోది "ఏమైంది?" అది గడువు వచ్చేదాకా ఖాళీ. గడువు వచ్చిన రోజున పుస్తకం సెలూన్‌కి తెచ్చి, ఆ వార్త చదివి, అందరి ఎదుటా నాలుగో గడి నింపేవాడు. "బట్టతలకి మందు, మూడేళ్ళలో" అన్న వార్త గడువు తీరిన రోజున బాబాయి తన నున్నటి తల తడుముకుని, "రాసుకో మేస్త్రీ, సాక్ష్యం కళ్ళెదుటే ఉంది" అన్నాడు.

"ఒకడి కాటా తప్పని ఊరికే అనకూడదక్కా" అనేవాడు తమ్ముడు. "తెలిసిన బరువు పెట్టి చూడాలి. కిలో రాయి పెట్టినప్పుడు ముల్లు కిలో చూపిస్తే కాటా మంచిది. చూపించకపోతే చెడ్డది. మధ్యలో మనమెవరం?"

అలాంటివాడు పట్టీ కట్టుకుని తిరుగుతుంటే, "ఏం మేస్త్రీ, నువ్వూ పడిపోయావా?" అని సెలూన్లో ఏడిపించారట. వాడు నవ్వేసి ఊరుకున్నాడట. నేనడిగితే, "చూద్దామక్కా" అన్నాడు. నేనింక రెట్టించలేదు.

ఇంటికి వచ్చి పరామర్శించిన వాళ్ళలో ఒకాయన వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర పక్కాయనతో అన్న మాట నా చెవిన పడింది. "లోకాన్నంతా ఎగతాళి చేశాడు. చివరికి ఒక రబ్బరు ముక్కని నమ్మి పోయాడు."

పక్కాయన నవ్వలేదు గాని, నవ్వు ఆపుకున్నాడు.

అప్పటిదాకా నాకు ఏడుపే ఉంది. ఆ మాటతో ఏడుపు పోయి, దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. వాణ్ణి నవ్వులపాలు చేసిన చేతిని నేను చూడాలి. తప్పు రాశామని ఆ చేత్తోనే, ఆ పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో రాయించాలి.

ఆ వార్త కత్తిరించి దగ్గర పెట్టుకున్నాను. బళ్ళో కంప్యూటర్ మాస్టారు, ఆ వార్తకు మూలమైన పరిశోధన ఏదో వెతికి ప్రింటు తీసి ఇచ్చాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు సాయంత్రాలు చదివాను. వాళ్ళు చూసింది నలభైమందిని. ఆ నలభైమందీ అప్పటికే గుండెజబ్బుతో ఆస్పత్రి మంచాలమీద ఉన్నవాళ్ళు. పట్టీ ఇది కాదు, వేరే ఏదో. "ఒక రోజు ముందే" అన్న మాట ఎక్కడా లేదు. చివరి వాక్యం, ఇంకా చాలా పరిశీలించవలసి ఉంది అని. ఆ వాక్యం వార్తలోకి రాలేదు.

పాతికేళ్ళుగా నేను చేస్తున్న పని ఒకటే. ఎర్ర పెన్సిలు తీసి వార్తను దిద్దాను. "ప్రశ్న చదవకుండా జవాబు రాశారు. ఆధారం చూపలేదు. చివరి వాక్యం వదిలేశారు." కింద గీత గీసి, పదికి రెండు. ఆ రెండూ దస్తూరీకి వేసేవి. అచ్చులో దస్తూరీ ఉండదు గనక అవి కూడా దయతో వేసినవే.

ఎడిటరుగారికి పోస్టు చేశాను. పది రోజులకు ఒక కార్డు వచ్చింది. "మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు. మా పేజీలను ఇలాగే ఆదరించండి."

ఆదరించడం మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం రెండు పేపర్లు కొనేదాన్ని. విజ్ఞానం పేజీ రెండిట్లోనూ దిద్ది, మార్కులు వేసి, ఒకటి ఎడిటరుకు పంపి, రెండోది సెలూన్ అద్దం పక్కన అంటించేదాన్ని. చాక్లెట్ తింటే తెలివి పెరుగుతుందన్న వార్తకు, "తిన్నవారు ఏడుగురు. తినని ఏడుగురిని చూడలేదు. మూడు మార్కులు." కుక్కల మాటలు ఫోనులో అర్థమవుతాయన్న వార్తకు, "కుక్కను అడిగి సరిచూడలేదు. ఒకటి."

"మా ఇంట్లో నలభై ఏళ్ళుగా నా మాటే ఎవరికీ అర్థం కాలేదు టీచరమ్మా" అన్నాడు తపాలా మామయ్య. "కుక్క అదృష్టవంతురాలు."

జనం క్షవరం లేకపోయినా వచ్చి చదివి పోయేవాళ్ళు. ఫోనుల్లో ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఆ ఫొటోలు ఎక్కడెక్కడికి వెళ్ళాయో నాకు తెలియదు గాని, రెండో నెలకల్లా ఆ పేజీ రాసేవాడికి పేరు పోయి, "రెండు మార్కులు" అన్న పేరు వచ్చింది. మా బళ్ళో పిల్లలు కూడా తప్పు చేసినవాణ్ణి అదే పేరుతో పిలవడం విన్నాను. మందలించలేదు. లోపల హాయిగా ఉంది. ఒక మనిషి కూడబెట్టుకున్న మర్యాదను వారానికి కొంచెం కొంచెంగా గోకి తీయడంలో ఇంత సుఖం ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

మూడో నెలలో ఒక శనివారం నేను సెలూన్‌కి వెళ్ళేసరికి కుర్చీలో ఒక కొత్త మనిషి ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి. మెడకింద తెల్లగుడ్డ. బాబాయి అతని చెంపకు నురగ రాసి కత్తి ఆనించి, తన ధోరణిలో తాను మాట్లాడుతున్నాడు.

"పైన పలచబడుతోంది సార్. ఏం బెంగపడకండి, మూడేళ్ళలో మందొచ్చేస్తుందట."

"ఎవరన్నారు?"

"ఇంకెవరు, ఆ అద్దం పక్కనున్నాడే, రెండు మార్కులు. వాడే. ఏడేళ్ళనుంచి మూడేళ్ళలో వస్తుందనే రాస్తున్నాడు. వాడికి మూడేళ్ళంటే ఎంతో మా టీచరమ్మగారు ఎక్కం అప్పజెప్పిస్తే గాని తేలదు."

"ఎనిమిదేళ్ళు" అన్నాడు కుర్చీలో మనిషి. "మొదటిసారి రాసి ఎనిమిదేళ్ళయింది."

"అబ్బో! మీకెలా తెలుసు సార్?"

"రాసింది నేనే."

కత్తి అక్కడే ఆగిపోయింది, సరిగ్గా గొంతుమీద.

"బాబాయ్" అన్నాడు తపాలా మామయ్య మెల్లగా, "ముందు కత్తి తియ్యి. తర్వాత మాట్లాడుకుందాం."

బాబాయి కత్తి తీశాడు. సగం గెడ్డం అలాగే ఉంది. ఆ మనిషి అద్దంలోనే నన్ను చూసి, "టీచరుగారు మీరేనా?" అన్నాడు.

"నేనే."

"నమస్కారమండీ. మీ దిద్దుబాట్లన్నీ చదివాను. చాలావరకు సరైనవే."

"చాలావరకు అంటే?"

"అన్నీ లెండి." గుడ్డతో నురగ తుడుచుకున్నాడు. "వారానికి పేజీ నింపాలి. కంపెనీలవాళ్ళు పంపే కాగితాల్లో ఉన్నది తెలుగు చేస్తాను. 'ఇంకా చూడాలి' అని రాస్తే ఎడిటరుగారు కొట్టేస్తారు. చూశాక రాయవయ్యా అంటారు. చూశాక ఎవడూ కాగితం పంపడు."

"మా తమ్ముడి చావుకి ఇది సంజాయిషీయా?"

"కాదండీ." అతను తల దించుకున్నాడు. "ఆ సంగతి ఈ మధ్యనే తెలిసింది. అందుకే వచ్చాను. ఇంకో నెల ఉంటాను నేను. వచ్చే నెలనుంచి ఆ పేజీ యంత్రం చేత రాయిస్తారట. మీ మార్కుల ఫొటోలు చూపించే తీర్మానం చేశారు. మనిషి రాస్తే తప్పులొస్తున్నాయట."

సెలూన్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"అప్పుడు మార్కులు ఎవరికి వేస్తారు టీచరుగారూ?"

"అది తర్వాత చూసుకుంటాను. ఈలోగా నాకు కావలసింది సవరణ. అదే చోట, అంతే అక్షరాల్లో."

"నేనూ అడిగాను. ఊరికే వేయరండీ. మేం రాసింది నమ్మి, ఆ పట్టీని నమ్మి, ఆయన ఆస్పత్రికి వెళ్ళలేదని కాగితం కావాలి. ఆయన చేతిరాత ఏదైనా ఉంటే వెంటనే వేయిస్తాను. ఈ ఒక్కటి చేసి వెళ్ళాలని నాకూ ఉంది."

ఆ చివరి మాటకు నేను కరగలేదు. కరిగించడానికి అన్న మాట కాకపోవచ్చు. అయినా నాకు కోపం ఇంకా నిండుగానే ఉంది. మూడు రోజులు టైమిమ్మని అడిగాను. బాబాయి మిగతా సగం గెడ్డం గీసి పంపించాడు. మాట్లాడకుండా గీశాడు.

తమ్ముడి కొట్టు ఆ గురువారం తర్వాత నేను తెరవలేదు. ఆ సాయంత్రం తెరిచాను. తూకపు రాళ్ళు పెద్దదాన్నుంచి చిన్నదానికి వరసగా, వాడు పెట్టిన చోటే ఉన్నాయి. దుమ్ము పట్టి ఉన్నాయి. సొరుగులో అట్టపుస్తకం ఉంది.

పట్టీ వార్త చివరి పేజీలో ఉంది. నాలుగో గడి ఖాళీ. దాని కింద, గడులతో పని లేకుండా, పేజీ పొడుగునా వాడి సన్నటి రాత.

"పట్టీ వచ్చింది. బల్లకోడుకు కట్టాను, ఏమీ చూపలేదు. బాగు. సొరకాయ కోతలు కోసేవాళ్ళ సరుకు గదా అని సొరకాయకు కట్టాను. నిమిషానికి డెబ్భై రెండు. సొరకాయ గుండె ప్రశాంతంగా ఉంది. తడిగుడ్డ చుట్టిన కిలో రాయికి కట్టాను. అరవై ఎనిమిది. రాయి మరీ ఆరోగ్యం."

నవ్వు వచ్చింది. మూడు నెలల తర్వాత అదే మొదటిసారి. నమ్మలేదు. నా తమ్ముడు నమ్మలేదు. గేటు దగ్గర మాట్లాడినాయన్ని పిలిచి ఈ పేజీ ముఖాన పెట్టాలనిపించింది.

పేజీ తిప్పాను.

"గురువారం. 9.40. ఎడమ చెయ్యి లాగుతోంది. ఛాతీలో బరువు. పట్టీ: ప్రశాంతం.

9.55. చెమట పడుతోంది. పట్టీ: ప్రశాంతం.

10.10. నొప్పి గట్టిగానే ఉంది. ఇది అదే. సొరకాయ, రాయి పనికిరావు. ఇదే తెలిసిన బరువు. ముల్లు కదల్లేదు.

10.20. ఇంకో పది నిమిషాలు చూసి బాబాయిని పిలుస్తాను. సగం పరీక్షకు మార్కులుండవు. ఆదివారం అక్క"

అక్కడితో ఆగిపోయింది.

సగం పరీక్షకు మార్కులుండవన్నది నా మాట. వాడు నాలుగో తరగతిలో ఉండగా, లెక్కల పరీక్ష మధ్యలో లేచి బయటికి వస్తే, నేనే చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపల కూర్చోబెట్టాను. అప్పుడన్న మాట అది.

స్టూలుమీద కూర్చుని ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. మొత్తం చూపిస్తే వాడు మోసపోలేదని తేలుతుంది. ఆస్పత్రి రెండొందల గజాల దూరంలో ఉందని తెలిసీ, వచ్చింది ఏ నొప్పో తెలిసీ, ఒక పేపరువాణ్ణి ఓడించడానికి కూర్చున్నాడని కూడా తేలుతుంది. అప్పుడు ఎడిటరు, "ఆయన మమ్మల్ని నమ్మనే లేదు గదమ్మా, మా తప్పేముంది?" అంటాడు. సవరణ ఉండదు.

సోమవారం బడి అయిపోయాక జిరాక్స్ షాపుకు వెళ్ళాను. 9.55 కింద పేజీని మడిచాను. మడత గోటితో గట్టిగా నొక్కి, "ఇంతవరకే తియ్యండి" అన్నాను. కాగితం బయటికి వచ్చింది. రెండు పేరాలు. చెయ్యి లాగుతోంది, పట్టీ ప్రశాంతం. చెమట పడుతోంది, పట్టీ ప్రశాంతం. దాన్ని ఎవరు చదివినా ఒకటే అనుకుంటారు. పట్టీని చూసుకుని నిశ్చింతగా కూర్చున్నాడని.

సొరకాయ ఉన్న పేజీ నేను తీయించలేదు.

ఆ ఆదివారం సవరణ వచ్చింది. అదే చోట, అంతే అక్షరాల్లో. రాసినతను మాట నిలబెట్టుకున్నాడు. "చేతిపట్టీ గుండెపోటును ముందే చెబుతుందని మేము ప్రచురించిన వార్తకు ఆధారం లేదు. ఆ వార్తను విశ్వసించిన పాఠకుడొకరు వైద్యసహాయం పొందడంలో ఆలస్యమై మరణించారు. తీవ్రంగా చింతిస్తున్నాము."

నాకు కావలసిన ప్రతి మాటా ఉంది. నెల తిరిగాక పేజీ అడుగున అతని పేరు పోయి, "యంత్ర సహాయంతో" అని వచ్చింది. అతన్ని వాతావరణం గడికి మార్చారట. రేపు వాన పడుతుందో లేదో రాస్తాడు. నా పగ తీరింది. తీరాక కూడా నెమ్మది రాలేదు.

సవరణ వచ్చిన రోజున సెలూన్‌కి వెళ్ళాను. పేపరు బల్లమీద విప్పి ఉంది. తపాలా మామయ్య అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

"గెలిచారు టీచరమ్మా" అన్నాడు బాబాయి. కుర్చీ వెనక చేతులు పెట్టుకుని మళ్ళీ అన్నాడు. "పాపం మేస్త్రి. ఇన్నేళ్ళు మమ్మల్నందర్నీ నవ్వించాడు. ఆ పట్టీ కూడా తమాషాకి కట్టుకున్నాడనే అనుకున్నా నేను. నిజంగానే నమ్మాడన్నమాట."

"నేనూ అనుకోలేదు" అన్నాడు మామయ్య. "కానీ పేపర్లో వేశారు గదా. అబద్ధమెందుకు వేస్తారు?"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. తమ్ముడుంటే నవ్వేవాడు. ఏదో పని ఉందని చెప్పి వచ్చేశాను.

సవరణ కత్తిరించి ఇంట్లో బల్లమీద పెట్టాను. పక్కన ఎర్ర పెన్సిలు, అట్టపుస్తకం. ఆధారం పూర్తిగా చూపలేదు. చివరి వాక్యాలు వదిలేశారు. ఈ రెండు తప్పులకు నేను ఎన్ని మార్కులు వేస్తానో వీధి అంతటికీ తెలుసు. బాబాయి ప్రతి ఆదివారం అడుగుతున్నాడు, అద్దం పక్కన చోటు ఖాళీగా ఉంది టీచరమ్మా, అంటించరా అని. ఇదిగో అదిగో అంటున్నాను.

తమ్ముడు పట్టీని నమ్మలేదని వాళ్ళకు ఇంకా చెప్పలేదు. పట్టీ వార్తకు ఎదురుగా నాలుగో గడి ఇంకా నింపలేదు.